గుమ్మాన ఆకు, గూటిలో దీపం



ఈ సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని మన సంఘం పెద్దలు అడిగినప్పుడు నేను వెనుకాడిన మాట నిజం. నేను పండితుడను కాను. రైల్వే ఆఫీసులో గుమాస్తాను. మెట్రిక్యులేషన్‌తో నా చదువు ఆగిపోయింది. రాజుల చరిత్ర, శాసనాల చరిత్ర వ్రాయదగినవారు మనలో ఉన్నారు. నాకు కొంచెం తెలిసినది మన గుమ్మం చరిత్ర మాత్రమే. దానినే విన్నవించుకొంటున్నాను.

ఉగాదినాడు తెల్లవారి మా ఖుర్దా రోడ్డు రైల్వే కాలనీలో నడిచి వెళ్ళినవారికి, ఏ క్వార్టరులో తెలుగువారున్నారో తలుపు తట్టి అడుగవలసిన పని లేదు. మామిడాకుల తోరణమే చెప్పేస్తుంది. మన ఒరియా ఇరుగుపొరుగులకు సంవత్సరాది మేష సంక్రాంతినాడు గదా! అందుచేత ఆ ఉదయం వారి గుమ్మాలు మామూలుగా ఉంటాయి. మనవి పచ్చగా ఉంటాయి. మా తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపునుండి ఈ లైనుకు వచ్చారు. ఆ కంపెనీ 1944లో ప్రభుత్వపరమైనది. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే అయినది. 2003 నుండి మేము ఈస్ట్ కోస్ట్ రైల్వేవారం. బోర్డుమీద పేర్లు మారాయి గాని గుమ్మంమీద ఆకు మారలేదు.

ఈ మధ్య మా అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. ఐదవ తరగతి చదువుతున్నది. వాళ్ళమ్మ ఉప్పు, ఎండు మిరపకాయలు పిడికిట పట్టి తమ్ముడికి దిష్టి తీస్తూంటే చూచి, "నాన్నా, ఇది నిజమా, అబద్ధమా?" అన్నది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నిజమంటే చదువుకున్న మాట కాదు. అబద్ధమంటే మా నాయనమ్మ ముఖం కళ్ళముందు నిలిచింది. తరువాత కొన్నాళ్ళు దొరికిన పుస్తకాలు చూచి, పెద్దలను అడిగి, ఆలోచించుకున్నదే ఈ వ్యాసం.

ఉత్తరేణి కథ

మన ఇండ్లలో జరిగే ఈ చిన్న చిన్న తంతులకు గురువు లేడు, గ్రంథం లేదు, దక్షిణ లేదు. పెరట్లో ఉన్న ఆకు, వంటింట్లో ఉన్న ఉప్పు, గూటిలో ఉన్న దీపం, ఇవే సామగ్రి. ఇల్లాలే పురోహితురాలు. అయినా వీటి వయస్సు సామాన్యమైనది కాదు.

ఉత్తరేణి మొక్కను తీసుకోండి. రైలు కట్టల ప్రక్కన, పాడుబడిన క్వార్టర్ల చుట్టూ తానే మొలిచే కలుపు మొక్క. దాని కంకి ప్రక్కనుంచి నడిస్తే గింజలు పంచెకు, చీరకు అంటుకొని ఇంటిదాకా వస్తాయి. సంస్కృతంలో దీనికి అపామార్గమని పేరు. తుడిచివేసేది అని అర్థం. అథర్వవేదం నాలుగవ కాండలో 17, 18, 19 సూక్తాలు మూడూ వరుసగా ఈ మొక్కనుద్దేశించినవే. ఒకరు చేసిన చెడుపును, శాపాన్ని, దుఃస్వప్నాన్ని తుడిచివేయమని అందులో ప్రార్థన. గింజలు వెనుకకు తిరిగి ఉండడాన్నిబట్టి, పంపినవారిమీదికే చెడును త్రిప్పికొట్టే మొక్కగా దానిని భావించారు. ఆ వేదానికి సంబంధించిన కౌశిక సూత్రంలో ఏ మొక్కతో ఏ తంతు చేయాలో ఇంటిపనుల పట్టికవలె చెప్పబడి ఉన్నది. దానిని 1890లో బ్లూమ్‌ఫీల్డ్ అనే పండితుడు అచ్చువేశాడు.

మన ఒడిశాకు ఇందులో ఒక గౌరవం ఉన్నది. అథర్వవేదంలో పైప్పలాద శాఖ అని ఒకటి. చాలాకాలం దానికి కాశ్మీరంలో దొరికిన భూర్జపత్ర ప్రతి ఒక్కటే పండితలోకానికి ఆధారం. 1950లలో దుర్గామోహన భట్టాచార్యులవారు ఒడిశా పల్లెల్లో తిరిగి, బ్రాహ్మణ కుటుంబాలవద్ద భద్రంగా ఉన్న తాటాకు ప్రతులను వెలికి తీశారు. ఆ శాఖను ఇక్కడ అప్పటికీ అధ్యయనం చేస్తూనే ఉన్నారు. మన ఇరుగుపొరుగుల అటకలమీద అంతటి సంపద ఉన్నదన్నమాట.

ఇక ఉత్తరేణి మన ఇంటికి ఎట్లా వచ్చింది? నరక చతుర్దశినాడు తెల్లవారుజామున తలంటు పోసేటప్పుడు ఉత్తరేణి కొమ్మను తలచుట్టూ త్రిప్పే ఆచారం ధర్మశాస్త్రాలు చెప్పినదే. వినాయక చవితినాటి ఇరవైయొక్క పత్రిలో అపామార్గ పత్రం ఒకటి. అదే పత్రిలో జిల్లేడు ఉన్నది, ఉమ్మెత్త ఉన్నది, మామిడి ఉన్నది. రథసప్తమినాడు జిల్లేడాకులు తలమీద, భుజాలమీద పెట్టుకొని స్నానం చేస్తాము. భోగినాటి సాయంత్రం పసిపిల్లల తలమీద రేగుపళ్ళు, చిల్లర నాణేలు, పూలరేకులు కలిపి పోస్తాము. పేరుకు పండుగలే గాని, వీటి అన్నింటిలోను ఉన్నది ఒకటే కోరిక: మా పిల్లవాడికి ఏ కీడూ రాకూడదు.

ఈ కోరిక మనదొక్కరిదే అనుకోరాదు. లండను నగరాన్నిగురించి జాన్ స్టో అనే ఆయన 1598లో ఒక గ్రంథం ప్రకటించాడు. జూన్ మాసంలో సెయింట్ జాన్ పండుగకు ముందురాత్రి అక్కడి ఇంటింటి గుమ్మానికి పచ్చని కొమ్మలు, సోంపు ఆకు, సెయింట్ జాన్ పేరుగల పసుపుపచ్చ పూల మొక్క కట్టేవారనీ, గాజు దీపాలలో నూనె పోసి రాత్రంతా వెలిగించేవారనీ అందులో వర్ణించాడు. గుమ్మాన ఆకు, ప్రక్కన దీపం! ఊరు పేరు మార్చితే మన వీధిలాగే ఉన్నది.

మిరపకాయ రాకముందు

అయితే అనాదినుండి వస్తున్నదని మనం అనుకొనే ప్రతిదీ అనాది కాదు. దిష్టికి ముఖ్యమైన మిరపకాయనే చూడండి. అది అమెరికా ఖండపు పంట. వాస్కోడిగామా కళ్ళికోట చేరినది 1498లో. పదహారవ శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడలమీద మిరప మన దేశానికి వచ్చింది. మనవాళ్ళు అంతకుముందు కారానికి మిరియమే వాడేవారు. కొత్త కాయకు ఆ మిరియం పేరే తగిలించి మిరపకాయ అన్నారు. కాబట్టి గుమ్మానికి కట్టే నిమ్మకాయ, ఏడు మిరపకాయల దండకు ఈనాటి రూపం వచ్చి ఐదువందల ఏండ్లు మించదు. అంతకుముందు ఉప్పు, ఆవాలు ఉండి ఉంటాయి.

ఆ దండకు మన పెద్దలు చెప్పే కథ ఇది. లక్ష్మీదేవికి అక్క ఒకతె ఉన్నది, జ్యేష్ఠాదేవి. ఆమెకు పులుపు, కారం ఇష్టం. గుమ్మంవద్దనే అవి దొరికితే తృప్తిపడి లోపలికి రాదట. షోలాపూరు, పూనాలలోని మన పద్మశాలీ బంధువులు శనివారం శనివారం ఈ దండ మార్చడం ఎరిగినదే. మహారాష్ట్రంలోనే గుడిపాడ్వానాడు ఎత్తే గుడికి వేపరెమ్మ, మామిడాకు కడతారు. కర్ణాటకంలో బేవు బెల్లమంటూ వేపపూత, బెల్లం తింటారు. మన ఉగాది పచ్చడిలోనూ వేపపూతే గదా! ఆకు ఒక్కటే; రాష్ట్రానికొక మర్యాద.

దిష్టికాయ ఎంతదూరమైనా వెళ్ళగలదు. 2019 అక్టోబరులో ఫ్రాన్సు దేశంలో మన ప్రభుత్వం మొదటి రఫేల్ యుద్ధ విమానాన్ని అందుకొన్నప్పుడు, రక్షణ మంత్రిగారు దాని చక్రాలక్రింద నిమ్మకాయలు పెట్టించారు. కొందరు నవ్వారు, కొందరు మెచ్చుకొన్నారు. మా రైల్వేవారికి మాత్రం ఆశ్చర్యం కలుగలేదు. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ వస్తే మా షెడ్లలో ఇంజనుకు కట్టని పూలదండ, కొట్టని కొబ్బరికాయ ఉండవు.

ఇక ఎర్రనీళ్ళ సంగతి. పెండ్లికూతురు గడప దాటేటప్పుడు, బాలింతరాలు బిడ్డతో వచ్చినప్పుడు పళ్ళెంలో పసుపు, సున్నం కలిపిన నీళ్ళతో దిష్టి తీస్తాము. పచ్చని పసుపులో తెల్లని సున్నం పడగానే నీరు రక్తంలాగా ఎర్రబడుతుంది. చిన్నప్పుడు ఇది మంత్రమనుకొనేవాడిని. పసుపులోని రంగు క్షారం తగిలితే ఎరుపెక్కుతుందని బడిలో మాస్టారు చెప్పారు. మన ఆడవాళ్ళు పసుపుతో కుంకుమ చేసుకొన్నది కూడా ఈ మర్మంతోనే. ఉప్పు పొయ్యిలో చిటపటమనడానికీ కారణమున్నది. రాతి ఉప్పు పలుకులలో చిక్కుకొన్న తేమ వేడికి ఆవిరియై పలుకును పగులగొడుతుంది. మిరపకాయల ఘాటు రాకపోతే దిష్టి ఎక్కువగా తగిలిందంటారు. పొయ్యి బాగా మండితే ఘాటు తక్కువ, నెమ్మదిగా పొగిస్తే ఎక్కువ అని మా ఆవిడ అనుభవం.

మన తంతులను వ్రాసిపెట్టినవారిలో పరాయివారూ ఉన్నారు. మద్రాసు మ్యూజియం అధికారిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ 1912లో దక్షిణదేశపు శకునాలు, నమ్మకాలపై ఒక గ్రంథం ప్రకటిస్తూ, కంటిదోషానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించాడు. మన పక్షాన సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర వ్రాసి, రాజుల యుద్ధాలే చరిత్ర కాదు, ప్రజల తిండి, బట్ట, ఆట, నమ్మకం కూడా చరిత్రే అని నిరూపించారు. ఆ గ్రంథానికి 1955లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. నాబోటివాడు గుమ్మం చరిత్ర వ్రాయడానికి ఆయన ఇచ్చినదే ధైర్యం.

వత్తి ఉన్నదంతా దీపమే

ఆకు తరువాత చెప్పవలసినది దీపం. మన పాత దీపం ఆముదానిది. దానిమీద ఇత్తడి పళ్ళెం బోర్లించి మసి పట్టి, ఆ మసిని ఆముదంతో నూరి కాటుక చేసేవారు. బిడ్డ బుగ్గమీద, అరికాలిలో పెట్టే దిష్టి చుక్క అదే. దీపం వెలుగే కాదు, దీపం నలుపు కూడా రక్షే అన్నమాట.

దీపావళి సాయంత్రం శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు పిల్లలచేత దివిటీలు కొట్టిస్తారు. గోగు కర్రకో, ఆముదపు కొమ్మకో నూనెలో తడిపిన గుడ్డ వత్తులు కట్టి, వెలిగించి, నేలకు కొట్టించి, కాళ్ళు కడిగి ఇంట్లోకి తీసుకువెళ్ళి మిఠాయి పెడతారు. ఇక్కడ మన ఒరియా సోదరులు అదే సాయంత్రం కౌంరియా కాఠీ అనే ఎండు కాడలు వెలిగించి ఆకాశంవైపు చూపుతూ పితృదేవతలను పిలుస్తారు. చీకటిలో వచ్చి వెలుగులో వెళ్ళమని వారి ప్రార్థన. చిన్నప్పుడు నేను ఇవి రెండు వేరు వేరు పండుగలనుకొన్నాను. కాని ధర్మశాస్త్రాలలో ఈ రెంటికీ ఒకటే మూలం కనిపిస్తుంది. దాని పేరు ఉల్కాదానం: అమావాస్య రాత్రి పితరులకు దారి చూపేందుకు కాగడా పట్టడం. మనవాళ్ళు పితరులను మరచి పిల్లలను ఉంచుకొన్నారు; వారు పితరులను మరువలేదు. కర్ర, నిప్పు మాత్రం ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి.

కొవ్వొత్తి మన ఇంటి వస్తువు కాదు. యూరపువారితో మన వాడుకలోకి వచ్చింది. కొవ్వుతో చేసిన వత్తి అని పేరే చెబుతున్నది. తేనెమైనంతో చేసినది ఖరీదైనది, చర్చీలలో వాడేది. పేదల ఇండ్లలో పశువుల కొవ్వుదే. 1830లో రైహెన్‌బాఖ్ అనే జర్మను రసాయనవేత్త పారఫిన్ మైనాన్ని వేరుచేశాడు. ఆ శతాబ్దం నడుమనుంచి చవక కొవ్వొత్తి పుట్టింది. ఈనాడు మనం కరెంటు పోతే వెలిగించేది ఆ పారఫిన్ కొవ్వొత్తే.

దానికీ ఇంటి తంతులు లేకపోలేదు. క్యాథలిక్కులు ఫిబ్రవరి 2న చర్చిలో కొవ్వొత్తులు దీవింపజేసుకొని, యూరపు పల్లెల్లో వాటిని ఇంట దాచి, ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు, ఇంట్లో జబ్బు చేసినప్పుడు వెలిగించేవారు. మధ్యయుగపు ఇంగ్లండులో రోగి నిలువెత్తు కొలిచి, అంత పొడుగు దారాన్ని వత్తిగా వేసి మైనపు కొవ్వొత్తి చేయించి, పుణ్యపురుషుని సమాధివద్ద వెలిగించే మ్రొక్కు ఉండేది. మేడారం సమ్మక్క సారలమ్మలకు మనవారు నిలువెత్తు బంగారమని మనిషి ఎత్తు బెల్లం తూచి సమర్పించే మ్రొక్కు ఇటువంటిదే కదా! బెజవాడ గుణదలలో ఫిబ్రవరి మాసంలో మేరీమాత ఉత్సవం జరిగేటప్పుడు కొవ్వొత్తి పట్టుకొని నిలబడేవారిలో బొట్టు పెట్టుకొన్న ఆడవాళ్ళు ఎందరో. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాంలోని మన సోదరులకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

1999 దీపావళి

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెప్పడానికి పాఠకులు అనుమతించాలి.

1999 అక్టోబరు 29న పెనుతుపాను పారాదీపువద్ద తీరం దాటింది. సుమారు 10,000 మంది ప్రాణాలు పోయాయి. నాకప్పుడు పదేళ్ళు. మా క్వార్టరు రేకులు లేచిపోయాయి. చింతచెట్టు అడ్డంగా పడింది. తొమ్మిది రోజులకు నవంబరు 7న దీపావళి. కరెంటు రాలేదు. నూనె లేదు. కొట్లో మనిషికి రెండు కొవ్వొత్తులకన్న ఇవ్వడంలేదు. మా నాయనమ్మ ఒక కొవ్వొత్తిని దేవుని గూటిలో పెట్టింది. కొవ్వుతో చేసినది దేవుడికి పెట్టవచ్చునా అని మా అమ్మ సందేహిస్తే, "వత్తి ఉన్నదంతా దీపమేనే" అన్నది.

మా ప్రక్క క్వార్టరులో ఒక ఒరియా ఆమె ఉండేది. మేము మావుసీ అని పిలిచేవాళ్ళం. పిల్లలు లేరు. ఆ సాయంత్రం ఆమె తన కౌంరియా కాడలలో నాలుగు తెచ్చి మాకు ఇచ్చి, నాలుగేళ్ళ మా చెల్లెలిని ఎత్తుకొని ముద్దాడి వెళ్ళింది. ఆ రాత్రి చెల్లెలికి వాంతులు, విరేచనాలు పట్టుకొన్నాయి. ఒళ్ళు కాలిపోతున్నది. చూడవచ్చిన ఇరుగమ్మ ఒకామె మా అమ్మ చెవిలో, "గొడ్రాలు ఎత్తుకొంది కదా సాయంత్రం" అన్నది. చెవిలో అన్నా మా నాయనమ్మకు వినబడింది.

నాయనమ్మ ఏమీ అనలేదు. నన్ను పంపి మావుసీని పిలిపించింది. ఆమె చేతిలో ఉప్పు, మిరపకాయలు పోసి, "నువ్వే తియ్యవే అమ్మా" అన్నది. మావుసీ కొవ్వొత్తి వెలుగులో, కళ్ళనీళ్ళు కారుతుండగా, మా చెల్లెలి తలచుట్టూ మూడుసార్లు ఇటు, మూడుసార్లు అటు త్రిప్పి కుంపట్లో వేసింది. అప్పుడు నాయనమ్మ ఆ ఇరుగమ్మవైపు తిరిగి, "పేరెట్టి తీసిందాన్ని దిష్టి అనరే. పగ అంటారు" అన్నది. ఆ తరువాత మా నాన్నతో, "ఒరే, నా పని అయింది. ఇంక డాక్టరు పని. పిల్లనెత్తుకో" అన్నది. పడిన చెట్లు దాటుకుంటూ అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. తుపాను తరువాత బావులన్నీ పాడై ఊరంతా అదే జబ్బు. మా చెల్లెలికి సెలైన్ ఎక్కించి, ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు పట్టించి బ్రతికించారు. ఇప్పుడామె ఇద్దరు బిడ్డల తల్లి.

ఆ ఉప్పునీళ్ళ చరిత్ర నేను పెద్దయ్యాక చదివాను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బొన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్ళను తల్లులచేతనే పిల్లలకు పట్టించారు. నూటికి ముప్పైదాకా ఉన్న చావులు నాలుగు లోపుకు తగ్గాయి. తలచుట్టూ త్రిప్పిన ఉప్పు, నీళ్ళలో కలిపిన ఉప్పు ఒకటే ఉప్పు. మొదటిది ఇంటి భయాన్ని తీసింది. రెండవది ప్రాణం నిలబెట్టింది. ఏది ఏ పని చేస్తుందో మా నాయనమ్మకు తెలుసు. చదువు రాని మనిషి.

మరొక సంగతి గమనించండి. దిష్టి తీసేటప్పుడు మన ఆడవాళ్ళు అనే మాటలలో ఇరుగు, పొరుగు, వచ్చినవారు, పోయినవారు అందరి చూపూ వస్తుంది. చివరకు కన్నతల్లి చూపు కూడా వస్తుంది. ఒక్కరి పేరు ఉండదు. తప్పు అందరిమీద పంచి, ఎవరిమీదా మోపకుండా పొయ్యిలో వేసేయడమే అందులోని నీతి అని నాకు తోస్తుంది. ఆ హద్దు దాటి పేరు పెట్టిననాడు దిష్టి చేతబడి అవుతుంది, బాణామతి అవుతుంది, ఒక ముసలమ్మను చెట్టుకు కట్టి కొట్టడం అవుతుంది. అటువంటి దారుణాలు అరికట్టడానికే మహారాష్ట్రంలో 2013లో చట్టం వచ్చింది. దానికోసం పోరాడిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్‌ను ఆ ఏడు ఆగస్టు 20న పూనాలో కాల్చి చంపారు. ఒడిశా 2013లోనే మంత్రగత్తెలన్న నెపంతో సాగే వేట మాన్పించే చట్టం చేసింది. కర్ణాటకం 2017లో చేసినది 2020లో అమలుకు వచ్చింది. ఈ చట్టాలు మన ఉప్పు, మిరపకాయలమీద వచ్చినవి కావు. పేరు పెట్టి వేధించేవారిమీద, భయం అమ్ముకొని సొమ్ము చేసుకొనేవారిమీద వచ్చినవి.

ఆకు గుమ్మానికే

రెండవ హద్దు ఒకటి ఉన్నది. ఆకు గుమ్మానికి కట్టవలసినదే గాని కంట్లో పిండవలసినది కాదు.

మా మేనత్త కొడుకు ఒకడికి పన్నెండవ ఏట కామెర్లు వచ్చాయి. ఆసుపత్రికి తీసుకువెళ్ళక, పసరు పోసేవాడొకడివద్దకు తీసుకువెళ్ళారు. ఏదో ఆకు పసరు కంట్లో వేశాడు. కామెర్లు వాటంతట అవే తగ్గాయి. కుడి కన్ను పోయింది. ఆ పిల్లవాడు రైల్వే పరీక్ష వ్రాసి పాసై, కంటి పరీక్షలో ఆగిపోయాడు. రైలు ఉద్యోగంలో చూపు ఎంత ముఖ్యమో ఈ కాలనీవారికి వేరే చెప్పాలా? వాడిని చూచినప్పుడల్లా, ఎవరి దృష్టికో భయపడి సొంత దృష్టి పోగొట్టుకొన్నాడు కదా అని నా మనస్సు చివుక్కుమంటుంది.

కాబట్టి కొన్ని మాటలు స్పష్టంగా చెప్పుకోవడం మంచిది. జిల్లేడు పాలు కంటిలో పడితే నల్లగుడ్డుకు హాని. రథసప్తమినాడు పిల్లల తలమీద ఆకు పెట్టేటప్పుడు తొడిమ తుంచిన పాలు ఆరనిచ్చి పెట్టండి. ఉమ్మెత్త వినాయకుని పత్రిలో ఉన్నది గదా అని నోట పెట్టరాదు, అది విషం. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో కొందరు, కరోనాకు మందని ఫోనులో చూచిన వీడియో నమ్మి, ఉమ్మెత్త గింజల రసం త్రాగి ఆసుపత్రి పాలయ్యారు. కాటుక చుక్క బుగ్గమీద ముద్దు. పసిబిడ్డ కంటిలో పెట్టవద్దని డాక్టర్లు చెబుతున్నారు. కొనుక్కొచ్చిన సుర్మాలలో సీసం ఉండవచ్చు. రైలు పెట్టెలో కర్పూరం, కొవ్వొత్తి వెలిగించవద్దని రైల్వేవాడిగా నా ప్రత్యేక మనవి. 2023 ఆగస్టులో మదురైవద్ద నిలిపి ఉంచిన యాత్రికుల పెట్టెలో పొయ్యి వెలిగించినందుకు తొమ్మిదిమంది కాలిపోయారు.

వేపాకు చరిత్ర ఈ విషయంలో మనకు మంచి పాఠం. మశూచికం వచ్చిన ఇంటి గుమ్మానికి వేపరెమ్మలు కట్టేవారు. ఆ రెమ్మ చూచి ఇతరులు లోపలికి పోయేవారు కాదు. ఆ మేరకు అది వీధికంతటికీ హెచ్చరిక, మేలే చేసింది. కాని మశూచికాన్ని వేపాకు పోగొట్టలేదు. 1802 జూన్‌లో బొంబాయిలో మూడేళ్ళ పాపకు వేసిన మొదటి టీకాతో మన దేశంలో ఆ పని మొదలైనది. 1975 మేలో చివరి కేసుతో ముగిసింది. 1980లో ప్రపంచంలోనే ఆ జబ్బు లేదని ప్రకటించారు. అమ్మవారు పోయింది. వేపరెమ్మ మాత్రం ఉగాదికి మన ఇంట్లోనే ఉన్నది. జబ్బు పోయి, ఆకు మిగలడంకంటె కావలసినదేమున్నది?

మా అమ్మాయికి నేను చివరకు చెప్పిన జవాబు ఇది: "అమ్మా, ఉప్పు జ్వరాన్ని తీయదు. కాని మీ అమ్మ తమ్ముడికోసం ఎంత భయపడుతున్నదో, వాడు ఆమెకు ఎంత ముఖ్యమో ఆ పిడికిట్లో ఉన్నది. అది అబద్ధం కాదు. దిష్టి తీసిన తరువాత థర్మామీటరు పెట్టకపోతే మాత్రం తప్పు. దిష్టి తీసేటప్పుడు ఎవరి పేరైనా చెప్పితే ఇంకా పెద్ద తప్పు." ఆమె కొంచెంసేపు ఆలోచించి, "మరి ఈసారి నేను తీయనా?" అన్నది. తీయమన్నాను.

పరాయిచోట మూడు తరాలుగా బ్రతుకుతున్నవాళ్ళం. మన పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని అక్షరాలు కూడబలుక్కొని చదువుతారు. తోరణం కట్టడం, ఉత్తరేణిని గుర్తుపట్టడం, దివిటీ కొట్టడం మాత్రం చూచి నేర్చుకొంటారు. వీటిని వారికి ఇద్దాం, హద్దులతోసహా ఇద్దాం. నవంబరు చీకటిలో కౌంరియా కాడలు తెచ్చి ఇచ్చిన మావుసీ ఇప్పుడు లేదు. ఆమె పోయేదాకా ప్రతి ఉగాదికి మా ఇంటి పచ్చడి మొదటి గిన్నె ఆమె ఇంటికే వెళ్ళేది. ఈ ఉగాదికి మన గుమ్మాన తోరణం కట్టుకొని, లోపల దీపం వెలిగించి, మొదటి గిన్నె పచ్చడి ప్రక్క క్వార్టరుకు పంపుదామని కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.